132 ఎకరాల లెక్క: జగ్గయ్యపేట, నందిగామ చుట్టూ మనకున్న తావులు

2011 జనాభా లెక్కల్లో జగ్గయ్యపేట పట్టణ జనాభా 53,530. పట్టణాల ప్రణాళిక కోసం కేంద్ర ప్రభుత్వం 2014లో మార్గదర్శకాలు ఇచ్చింది. మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఖాళీ జాగా ఉండాలని అందులో ఉంది. పార్కు, ఆటస్థలం, నలుగురూ కూర్చునే మైదానం, అన్నీ కలిపి ఆ మాత్రం. తక్కువలో తక్కువ 10 చదరపు మీటర్లే వేసుకుందాం. 53,530 మందికి 5,35,300 చదరపు మీటర్లు. ఎకరాల్లోకి మారిస్తే 132.

132 ఎకరాలంటే ఎంతో కళ్లకు కట్టాలంటే విజయవాడ దాకా వెళ్లాలి. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, కృష్ణ మధ్యలో ఉన్న భవానీ ద్వీపం విస్తీర్ణం 133 ఎకరాలు. అంటే ఒక్క జగ్గయ్యపేట జనానికే ఒక భవానీ ద్వీపమంత జాగా కావాలి. నందిగామకు విడిగా ఇంకొంత కావాలి. పైగా ఇది 2011 నాటి లెక్క. అప్పటి నుంచి ఇళ్లు పెరిగాయి, జనం పెరిగారు, బాకీ కూడా పెరిగింది.

అంత జాగా ఊళ్లో ఎక్కడుందని అడిగితే ఎవరూ చూపించలేరు. కానీ ఊరి పొలిమేర దాటి చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. ఈ మెట్ట ప్రాంతం పార్కుల కోసం ఎన్నడూ ఎదురుచూడలేదు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలకు కూర్చుంది. మాఘంలో మున్నేటి ఒడ్డున బండ్లు విప్పుకుని రాత్రుళ్లు గడిపింది. ఏకాదశికి రేవులో మునిగింది. గుట్ట, ఏరు, రేవు, అడవి, కాలువ కట్ట: ఇవే మన పార్కులు, మన కాలిబాటలు, మన విడిది మైదానాలు. వాటిని ఒకసారి అంకెల్లో లెక్కపెట్టి చూద్దాం.

65: ఇంటి ముందు రోడ్డు

ముందు దూరాలు తెలియాలి. హైదరాబాదు నుంచి విజయవాడకు వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మన వెన్నెముక. పాతవాళ్లకు ఇది ఇంకా 9వ నంబరు రోడ్డే. తెలంగాణ దాటగానే గరికపాడు, తర్వాత చిల్లకల్లు, ఆపైన నందిగామ, కంచికచర్ల, పరిటాల, మూలపాడు, ఇబ్రహీంపట్నం వరసగా తగులుతాయి. విజయవాడ నుంచి నందిగామ సుమారు 50 కిలోమీటర్లు, జగ్గయ్యపేట 78 దాకా. రెండు ఊళ్ల మధ్య 30 లోపే.

2022 ఏప్రిల్ 4 నుంచి ఈ ప్రాంతం కాగితాల మీద ఎన్టీఆర్ జిల్లా. నందిగామ రెవెన్యూ డివిజన్‌లో 7 మండలాలు: జగ్గయ్యపేట, వత్సవాయి, పెనుగంచిప్రోలు, నందిగామ, వీరులపాడు, చందర్లపాడు, కంచికచర్ల. మాటల్లో మాత్రం ఇప్పటికీ పశ్చిమ కృష్ణే.

ఇక్కడ చెప్పబోయే తావుల్లో సముద్రం తప్ప మిగతావన్నీ ఈ రెండు ఊళ్లలో ఏదో ఒకదానికి సుమారు 35 కిలోమీటర్లలోపే ఉన్నాయి. బస్సో ఆటోనో బండో పట్టుకుంటే గంట ప్రయాణం. ఆదివారం పొద్దున బయల్దేరి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరేంత దగ్గర.

30 అడుగుల స్తూపం, 1,700 ఏళ్ల సంతకం

మొదటి తావు జగ్గయ్యపేటను ఆనుకునే ఉంది. పేరు ధనంబోడు. ఊరి పాత పేరు బేతవోలు. అమరావతి జమీందారు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి జగ్గయ్య పేరు పెట్టాక జగ్గయ్యపేట అయింది. ఊరికి ఆ పేరు రావడానికి ఎన్నో శతాబ్దాల ముందే ఈ గుట్ట మీద బౌద్ధ స్తూపం ఉంది. జేమ్స్ బర్జెస్ 1882లో దాన్ని తవ్వించాడు. అమరావతి, జగ్గయ్యపేట స్తూపాల మీద ఆయన రాసిన గ్రంథం 1887లో అచ్చయింది.

స్తూపం అడ్డుకొలత సుమారు 30 అడుగులు. నాగార్జునకొండ మహాచైత్యం అడ్డుకొలత 106 అడుగులు కాబట్టి మనది చిన్నదే. కానీ ఇక్కడ దొరికిన ఒక్క రాతిపలక భారతీయ శిల్పకళ గురించి రాసే ఎన్నో పుస్తకాల్లోకి ఎక్కింది. అదే మాంధాత చక్రవర్తి ఫలకం. చక్రవర్తి చేయెత్తి నిలబడతాడు. పైన మబ్బుల్లోంచి చతురస్రపు నాణేలు వానలా రాలుతుంటాయి. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం మొదలైన 7 రత్నాలు. ఆ ఫలకాన్ని చూడాలంటే చెన్నై ఎగ్మోరులోని ప్రభుత్వ మ్యూజియానికి పోవాలి.

గుట్ట మీది శాసనాల్లో మరో విలువైన అంకె ఉంది: 20. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో, అంటే క్రీ.శ. మూడో శతాబ్దంలో, సిద్ధార్థుడనే శిల్పి స్తూపం తూర్పు వాకిట 5 ఆయక స్తంభాలు, అంటే పూజా స్తంభాలు, నిలబెట్టించాడు. తాను ఎవరి కొడుకో, ఏ ఊరివాడో కూడా చెక్కించాడు. రాజుల పేర్లు రాళ్ల మీద ఉండటం మామూలే. 1,700 ఏళ్ల కిందటి పనివాడు తన పేరు వదిలి వెళ్లిన గుట్ట మన ఇంటి పక్కన ఉండటం అరుదైన భాగ్యం.

నందిగామ చుట్టుపక్కల కూడా ఇలాంటి జాడలున్నాయి. గుమ్మడిదుర్రులో చెక్కడపు పలకలతో కూడిన స్తూపం బయటపడింది. అల్లూరులో బౌద్ధ శాసనం దొరికింది. ధనంబోడుతో కలిపి చూస్తే ఒక్క రోజులో తిరిగి రాగలిగే బౌద్ధ బాట ఇది. బాట అని పేరు పెట్టి, ఒక పటం గీసి, మలుపు మలుపునా బోర్డు నిలిపితే చాలు.

గుట్ట మీద నీడ తక్కువ. సున్నపురాయి నేల కాబట్టి ఎండ రెట్టింపు తగులుతుంది. ఏడు గంటల లోపు ఎక్కి, ఎండ ముదరకముందే దిగాలి. రక్షిత కట్టడాల విషయంలో గుర్తుంచుకోవాల్సిన అంకెలు రెండు: 2010లో సవరించిన పురావస్తు చట్టం ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా కట్టుబడి నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు అనుమతితోనే. రాయి మీద పేరు గీకడం నేరం. సిద్ధార్థుడు చెక్కిన రాయి మీద మన పేరు గీకితే అది సిగ్గుచేటు కూడా.

5: వేదాద్రి కొండ, రేవు

జగ్గయ్యపేట నుంచి దక్షిణంగా 10 కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే కృష్ణ ఒడ్డున వేదాద్రి. యోగానంద నరసింహస్వామి క్షేత్రం. ఇక్కడ నరసింహుడికి 5 రూపాలు: జ్వాల, సాలగ్రామ, యోగానంద, వీర, లక్ష్మీ నరసింహులు. జ్వాలా నరసింహుడు కొండ మీద, సాలగ్రామ నరసింహుడు కృష్ణలో. కాబట్టి దర్శనం పూర్తి కావాలంటే కొండ ఎక్కాలి, నదిలో దిగాలి. నడక, ఎక్కుడు, స్నానం, భోజనం, చెట్టు నీడన కునుకు. పర్యాటక శాఖ ఏ పార్కులో పెట్టాలనుకున్నా ఇవే పెడుతుంది. మన పెద్దలు వాటిని మొక్కుగా కట్టి ఇచ్చారు.

వేదాద్రికి దగ్గర్లోనే ముక్త్యాల. కోట, కృష్ణ రేవు, శివాలయం. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ నందికొండ ప్రాజెక్టు కోసం పట్టుబట్టి పనిచేసినవారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్ అదే. దాని ఎడమ కాలువ నీళ్లు మన మెట్ట పొలాలకు వచ్చాయి. ఆ కాలువల కట్టలు ఊళ్ల పక్కన కిలోమీటర్ల కొద్దీ చదునుగా సాగుతాయి. రోజూ పొద్దున నడిచేవాళ్లకు అంతకు మించిన బాట లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు కాలువ కట్ట మీద చురుగ్గా నడిస్తే ఆ లెక్క తీరుతుంది. కట్టకు కావాల్సింది రెండు వరసల వేప, కానుగ మొక్కలు, అక్కడక్కడా ఒక అరుగు.

12 రోజులు, 4,383 రోజులు

ఈ కథనంలో నన్ను బాగా ఆలోచింపజేసిన అంకె ఇది. కృష్ణా పుష్కరాలు 2016 ఆగస్టు 12 నుంచి 23 వరకు జరిగాయి. 12 రోజులు. వేదాద్రి, ముక్త్యాలలతో సహా తీరం పొడవునా ఘాట్లు సిద్ధం చేశారు. మళ్లీ పుష్కరాలు 2028లో. ఈ 12 ఏళ్లలో మొత్తం 4,383 రోజులు. పుష్కరాల 12 రోజులు అందులో వెయ్యింట మూడు వంతులు కూడా కావు.

మిగిలిన 4,371 రోజులు ఆ మెట్లు ఎవరివి? మనవే. సాయంత్రం కూర్చోవడానికి, పిల్లలకు నది చూపించడానికి, ముసలివాళ్లు నాలుగు అడుగులు వేయడానికి ఎక్కడా కొత్తగా భూమి కొననక్కర్లేదు. నేల ఉంది, మెట్లు ఉన్నాయి, నది ఉంది. లోటల్లా నీడ, తాగునీరు, దీపం, ఆడవాళ్లకు మరుగుదొడ్డి. ఆ నాలుగూ ఉంటే ప్రతి ఘాటూ ఒక పార్కే. అవి లేకపోతే 12 రోజుల కోసం పోసిన కాంక్రీటు మిగిలిన కాలమంతా ఎండలో మాడుతుంది.

45.77 టీఎంసీలు: నదిని చదవడం

రేవు గురించి చెప్పి ప్రమాదం గురించి చెప్పకపోతే తప్పు. ముక్త్యాలకు ఎగువనే పులిచింతల ప్రాజెక్టు ఉంది. 2013 డిసెంబరులో ప్రారంభమైంది. డాక్టర్ కె.ఎల్. రావు సాగర్ అని దాని పేరు. నిల్వ సామర్థ్యం 45.77 టీఎంసీలు, గేట్లు 24, ప్రకాశం బ్యారేజీకి దూరం 85 కిలోమీటర్లు. ఆ రెంటి మధ్య ఉన్న నదే మన నది. గేట్లు ఎత్తితే మన రేవులో నీటిమట్టం మారిపోతుంది. ఆకాశంలో మబ్బు లేకపోయినా నీళ్లు పెరగొచ్చు.

ఎంత పెరుగుతుందో 2024 సెప్టెంబరు మొదట్లో చూశాం. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28.3 లీటర్లు. 11 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు 3 కోట్ల లీటర్ల పైమాటే. ఆ వేగంతో వస్తే ఖాళీ పులిచింతల మొత్తం 12 గంటల్లోపు నిండిపోతుంది.

ఉపనదులు చిన్నవని అనుకోవద్దు. మున్నేరు వరంగల్ వైపు నుంచి ఖమ్మం మీదుగా దిగి వచ్చి మన దగ్గర కృష్ణలో కలుస్తుంది. 2023 జులై చివర నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదికే ఎక్కింది. హైదరాబాదు, విజయవాడ మధ్య రాకపోకలు ఆగిపోయాయి. 2024లో గరికపాడు దగ్గర పాలేరు వరద అదే రోడ్డును కోసేసింది.

ఎండాకాలంలో, సంక్రాంతి వేళ ఏరు అమాయకంగా కనిపిస్తుంది. ప్రమాదం అప్పుడే ఎక్కువ. 2022 జనవరిలో చందర్లపాడు మండలం ఏటూరు దగ్గర మున్నేటిలో దిగిన ఐదుగురు పిల్లలు మునిగి చనిపోయారు. పైకి మోకాటి లోతు కనిపించే చోట ఇసుక తోడిన గుంత ఉంటే రెండు నిలువుల లోతు ఉంటుంది. గుర్తుంచుకోవలసిన కొలతలు మూడు. అర అడుగు లోతు వడినీరు మనిషిని పడగొట్టగలదు. ఒక అడుగు నీరు చిన్న కారును తేల్చగలదు. ఈత రాని పిల్లవాడికీ పెద్దవాళ్లకూ మధ్య దూరం చేయి చాపినంతే ఉండాలి. ప్రతి రేవులో లోతు చెప్పే రాయి, ఒక తాడు, గాలి నింపిన లారీ ట్యూబు ఉంచడం పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు.

50 మందికి ఒకటి: మన విడిది మైదానం

క్యాంపింగ్ అంటే పరదేశపు అలవాటు అనుకుంటాం. పెనుగంచిప్రోలు తిరునాళ్ల చూసినవాళ్లు ఆ మాట అనరు. గోపయ్య సమేత లక్ష్మీ తిరుపతమ్మ గుడి మున్నేటి ఒడ్డున ఉంది. మాఘ పౌర్ణమికి పెద్ద తిరునాళ్ల, ఫాల్గుణంలో చిన్న తిరునాళ్ల. బండ్లు, ఇప్పుడు ట్రాక్టర్లు కట్టుకుని, బియ్యం, కట్టెలు, కుండలు వేసుకుని చుట్టుపక్కల జిల్లాల నుంచి, తెలంగాణ నుంచి జనం లక్షల్లో వస్తారు. ఏటి ఇసుకలో మూడు రాళ్లు పెట్టి పొంగలి వండుతారు. బండి కింద పడుకుంటారు. పూర్వం ఇసుకలో చెలమ తీసి ఆ నీళ్లే తాగేవాళ్లు. డేరా, పొయ్యి, నక్షత్రాలు, ఏరు: క్యాంపింగుకు కావాల్సినవన్నీ అందులో ఉన్నాయి. రెండేళ్లకోసారి అమ్మవారి విగ్రహాలు రంగుల కోసం జగ్గయ్యపేటకు తరలివస్తాయి. ఆ దారి పొడవునా ఊళ్లు ఎదురొస్తాయి. అది కూడా ఒక కాలినడక బాటే.

దీనికీ ఒక లెక్క ఉంది. విపత్తుల వేళ జనం గుంపుగా తలదాచుకునే శిబిరాలకు ప్రపంచమంతా పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మొదటి రోజుల్లో 50 మందికి కనీసం ఒక మరుగుదొడ్డి ఉండాలి. పదివేల మంది ఒక రాత్రి ఇసుకలో పడుకుంటే 200 కావాలి. లక్ష మందికి 2,000. తాత్కాలికంగా వేసినా సరే, అన్ని వేయాల్సిందే. లేకపోతే ఆ మురికి మున్నేటిలోకే చేరుతుంది. దిగువన ఉన్న ఊళ్లు ఆ నీళ్లే తాగుతాయి.

ప్రయాణం విషయంలో ఒక మాట. 2020 జూన్‌లో వేదాద్రి దర్శనం చేసుకుని ట్రాక్టరులో తిరిగి వెళ్తున్న కుటుంబాలను లారీ ఢీకొంది. పది మందికి పైగా చనిపోయారు. ట్రక్కులో నిలబడి ప్రయాణించే మనిషికి సీటు బెల్టు ఉండదు, పట్టుకోవడానికి ఊచ ఉండదు. సిమెంటు లారీలు తిరిగే దారులివి. దేవుడి దగ్గరికైనా ట్రాక్టరు ట్రక్కులో పిల్లల్ని ఎక్కించవద్దు.

135 అడుగులు, ఒక చిన్న మెరుపు

నందిగామ నుంచి విజయవాడ వైపు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో పరిటాల. 2003లో నిలిపిన 135 అడుగుల ఆంజనేయ విగ్రహం రోడ్డు మీదికే కనిపిస్తుంది. గోల్కొండ వజ్రాల చరిత్రలో ఈ ఊరికి పేరుంది. ఆ గనుల వల్లే చుట్టూ బ్రిటిష్ జిల్లా ఉన్నా పరిటాల ప్రాంతం నిజాం చేతిలోనే ఉండిపోయింది. 1947లో అక్కడి ప్రజలు తమది స్వతంత్ర గణతంత్రమని ప్రకటించుకున్నారు.

చందర్లపాడు మండలం గుడిమెట్ల గుట్టల దగ్గర ఇప్పటికీ తొలకరికి జనం నేల మీద కళ్లు పెట్టి తిరుగుతారు. వాన కడిగిన మట్టిలో రాయి మెరుస్తుందేమోనని ఆశ. అదే గుడిమెట్ల కాకతీయుల కాలంలో ఛాగి వంశపు పాలకుల కేంద్రం. వజ్రం దొరకడం అదృష్టం. గుట్ట ఎక్కితే చరిత్ర మాత్రం అందరికీ దొరుకుతుంది.

30 వేల ఎకరాలు: మిగిలిన అడవి

మూలపాడు నుంచి కొండపల్లి వరకు పరుచుకున్న రిజర్వు అడవి సుమారు 30 వేల ఎకరాలు. మొదట్లో వేసిన 132 ఎకరాల లెక్కకు 227 రెట్లు. పాత కృష్ణా జిల్లాలో ఈపాటి అడవి మరెక్కడా దాదాపుగా మిగల్లేదు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి చెక్క ఇచ్చేది ఈ కొండలే. మూలపాడులో అటవీ శాఖ సీతాకోకచిలుకల పార్కు పెట్టింది. వానలు పడి పూలు విచ్చాక, ఆగస్టు నుంచి డిసెంబరు దాకా చూడదగ్గ కాలం.

కొండపల్లి కోట 14వ శతాబ్దపు రెడ్డి రాజుల నాటిది. 1515 ప్రాంతంలో శ్రీకృష్ణదేవరాయలు పట్టుకున్నాడు. తర్వాత కుతుబ్‌షాహీలు, 1766లో ఇంగ్లీషువాళ్లు. ఇంతమంది ఎక్కిన కొండను మనం ఒక పొద్దున ఎక్కొచ్చు.

అడవికి నియమాలున్నాయి. రిజర్వు అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా పోకూడదు, రాత్రుళ్లు ఉండకూడదు, నిప్పు అసలే రాజేయకూడదు. మాఘం దాటాక ఆకు రాలి నేలంతా ఎండుటాకే. ఒక్క బీడీ ముక్క చాలు. ఈ 30 వేల ఎకరాలు పోతే ఇంకో 30 వేలు తెచ్చుకోలేం.

159 కిలోమీటర్లు: సముద్రం

మెట్టవాళ్లకు సముద్రం దూరమని ఒక భావన. నిజానికి మన ఇంటి ముందు రోడ్డే సముద్రం దాకా పోతుంది. పుణేలో మొదలైన 65వ నంబరు రహదారి మచిలీపట్నంలో, అంటే బందరులో, ముగుస్తుంది. విజయవాడ నుంచి బందరు సుమారు 70, అక్కడి నుంచి మంగినపూడి తీరం 11. జగ్గయ్యపేట నుంచి లెక్కేస్తే 159, నందిగామ నుంచి 131. తెల్లవారుజామున బయల్దేరితే పొద్దుటి ఎండ ముదరకముందే అలల దగ్గర ఉంటాం. మెట్టలో సున్నపురాయి, చివర నల్లమట్టి తీరం. పిల్లలకు భూగోళం పాఠం ఒక్క రోజులో చెప్పే దారి ఇది.

10 శాతం: ఊళ్లో మన హక్కు

ఇవన్నీ సెలవు రోజు తావులు. ప్రతి సాయంత్రం ముసలమ్మ కూర్చునే బెంచీ, పిల్లాడు పరిగెత్తే గడ్డి మాత్రం ఊళ్లోనే ఉండాలి. దానికి చట్టంలో ఉన్న అంకె 10. రాష్ట్ర లేఅవుట్ నియమాల ప్రకారం వెంచర్ వేసినవాళ్లు కనీసం 10 శాతం ఖాళీ స్థలంగా వదిలి స్థానిక సంస్థకు అప్పగించాలి.

ఒక ఉదాహరణ వేద్దాం. 10 ఎకరాల వెంచర్ అంటే 48,400 గజాలు. అందులో 4,840 గజాలు, అంటే ఒక ఎకరం, పార్కుకు. రోడ్లు, ఇతరాలు పోగా 28,000 గజాలు ప్లాట్లుగా మారాయనుకుంటే 200 గజాలవి 140. ఇంటికి నలుగురు చొప్పున 560 మంది. ఎకరాన్ని 560 మందికి పంచితే మనిషికి 7.2 చదరపు మీటర్లు. చట్టం పూర్తిగా అమలైనా 10కి చేరడం లేదు. ఇక ఆ ఎకరంలో గుడిసె లేచినా, షెడ్డు పడినా, ఎవరిదో ప్లాటై పోయినా మిగిలేది శూన్యం.

అందుకే రెండు పనులు జరగాలి. లేఅవుట్లలో వదిలిన ప్రతి 10 శాతమూ ఎక్కడుందో మున్సిపాలిటీ జాబితా చేసి, కంచె వేసి, బోర్డు పెట్టాలి. తక్కువ పడిన జాగాను చెరువు కట్టలు, కాలువ కట్టలు, ఘాట్లతో పూరించాలి. మీరు ప్లాటు కొంటున్నారా? లేఅవుట్ నకలులో పార్కు గడి ఎక్కడుందో ముందు చూడండి. ఇప్పటికే కొన్నారా? ఆ జాగాలో ఇవాళ ఏముందో వెళ్లి చూసి రండి.

బయల్దేరే ముందు

మనం భూమధ్యరేఖకు సుమారు 17 డిగ్రీల ఉత్తరాన ఉన్నాం. డిసెంబరు చివర పగలు 11 గంటలు, జూన్ చివర 13. కొండకైనా ఏటికైనా అనువైన కాలం కార్తీకం నుంచి మాఘం దాకా. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిది దాటాక గుట్టల జోలికి పోవద్దు.

చదును నేల మీద పెద్దవాళ్లు గంటకు 5 కిలోమీటర్లు నడుస్తారు. పిల్లలుంటే 3 వేసుకోండి. ఎక్కుడుకు ఒక పాత సూత్రముంది. నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన ఆ లెక్క ప్రకారం ప్రతి 100 మీటర్ల ఎత్తుకు 10 నిమిషాలు అదనంగా కలుపుకోవాలి. చలికాలంలో మనిషికి గంటకు అర లీటరు నీళ్లు. నలుగురు మూడు గంటలు తిరిగితే 6 లీటర్లు. ఎండాకాలంలో దానికి రెట్టింపు. ప్రమాదం జరిగితే 112, అంబులెన్సుకు 108.

మరో చిన్న లెక్క. నిండు సీసా, నిండు టిఫిను మోసుకుని కొండ ఎక్కినవాళ్లం, ఖాళీ సీసా, ఖాళీ కవరు మోసుకుని దిగలేమా? వెళ్లేటప్పటి బరువు కంటే వచ్చేటప్పటి బరువు ఎప్పుడూ తక్కువే.

చివరి లెక్క

కూడికలు, తీసివేతలు చేశాక తేలింది ఇది. పశ్చిమ కృష్ణాకు తావుల కొరత లేదు. 1,700 ఏళ్ల శాసనమున్న గుట్ట ఉంది, ఐదుగురు నరసింహుల కొండ ఉంది, పుష్కర ఘాట్లున్నాయి, కృష్ణ, మున్నేరు, పాలేరు ఉన్నాయి, 30 వేల ఎకరాల అడవి ఉంది. కొరత ఐదింటికే: నీడ, తాగునీరు, దీపం, మరుగుదొడ్డి, దారి చూపే బోర్డు. ఇవి వేల కోట్ల పనులు కావు. వార్డు సభలో, గ్రామసభలో గట్టిగా అడిగి తీర్మానం చేయించుకోగలిగిన పనులు.

పుష్కరాలు 2028లో మళ్లీ వస్తున్నాయి. ఘాట్లకు నిధులు వచ్చే కాలం అదే. ఈసారి మీ ఊరి రేవుకు ఏం కావాలో ఇప్పుడే రాసి ఇవ్వండి. 12 రోజుల కోసం మాత్రం అడగవద్దు, ఆ తర్వాత వచ్చే పన్నెండేళ్ల కోసం అడగండి. ఈ ఆదివారం పిల్లల్ని తీసుకుని ధనంబోడు ఎక్కండి. తన పేరు రాయి మీద చెక్కించి పెట్టిన శిల్పి కథ చెప్పండి. ఆ గుట్ట తమదని పిల్లలకు తెలిస్తే, రేపు దాన్ని కాపాడేది వాళ్లే.